ఇంటిగోడయు నగరపు రాత్రియు



జూన్ మాసమున ఢిల్లీలోని ఏ సర్కారు క్వార్టర్ల వరుసకైనను రాత్రి పదిగంటలకు పోయి, పడమటి గోడపై అరచేయి ఉంచినవారికి ఒక సంగతి తెలియును. సూర్యుడస్తమించి మూడుగంటలు కావచ్చినను గోడ వెచ్చగనే యుండును. చేయి తీసి జానెడు దూరమున నిలిచినను ఆ వెచ్చదనము ముఖమునకు తగులుచునే యుండును. ఆ గోడప్రక్కనే కాపలావాడు కుర్చీ వేసికొని కూర్చుండును. లోపలివారు తలుపులు బిగించుకొని, ఎయిర్ కండిషనర్ నడపుకొని నిద్రింతురు. ఆ యంత్రపు వెలుపలి పెట్టెనుండి వెడలు గాలి కాపలావాని తలపై వీచును. గోడ వేడియు, యంత్రపు వేడియు అతని పాలివే.

ఇంటికప్పునకు, గోడలకు వేడి చొరకుండ అడ్డుపొర వేసినచో లోపలివారికి సుఖమని అందరును ఎరుగుదురు. ఇంజనీర్లు దీనిని ఇన్సులేషన్ అందురు. తెలుగున ఉష్ణనిరోధము అనవచ్చును. కాని ఆ పొర వలన వీధికి ఏమగును? లోనికి పోని వేడి బయటనే మిగిలి వీధిని మరింత కాల్చునా, లేక వీధికిని మేలు కలుగునా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము లేదు. పగటికి ఒక సమాధానము, రాత్రికి వేరొక సమాధానము కలవు.

నగరములు పల్లెలకంటె వెచ్చనివన్న మాట నేటిది కాదు. మేఘజాతులకు నేడు లోకమంతట వాడుకలోనున్న లాటిను పేర్లను పెట్టిన ల్యూక్ హోవర్డు వృత్తిచే లండనులో ఔషధముల తయారీదారు. అతడు ఏండ్లతరబడి ఉష్ణమాపకములను చూచి, 1818, 1820 సంవత్సరములలో లండను శీతోష్ణస్థితిని గూర్చి రెండు సంపుటములు వెలువరించెను. అతడు తేల్చిన లెక్క విచిత్రముగ నున్నది. రాత్రివేళ లండను నగరము చుట్టుపట్ల పల్లెలకంటె 3.7 ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా రెండు సెంటిగ్రేడు డిగ్రీలకు పైగా వెచ్చన. పగటివేళనో, ఒక ఫారన్‌హీటు డిగ్రీలో మూడవవంతు చల్లన! నగరపు వేడి ముఖ్యముగ రాత్రి వేడియే యని రెండువందల యేండ్ల క్రిందటనే లెక్క తేలినది.

ఢిల్లీలోను వేసవి పగళ్లయందు ఇట్టి వింతయే కనబడును. గోధుమకోతలు ముగిసిన పిదప చుట్టుపట్ల పొలములు బోడివై, ఎండి, మధ్యాహ్నమునకు పెనమువలె కాగును. ఆ వేళ ఉపగ్రహములు తీసిన చిత్రములయందు చెట్లు, తోటలు గల నగరభాగములే పొలములకంటె చల్లగ కనిపించును. సూర్యుడు గ్రుంకినంతనే కథ తలక్రిందులగును. పొలము రెండుగంటలలో చల్లారును; నగరము చల్లారదు. 2024 జూన్ 19వ తేదీన సఫ్దర్‌జంగ్ వాతావరణకేంద్రమున నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 35.2 సెంటిగ్రేడు డిగ్రీలు. ఇది గరిష్ఠము కాదు, కనిష్ఠము! రాత్రియంతయు ఏ నిమిషమునందును గాలి అంతకంటె చల్లబడలేదన్నమాట. పగటి ఎండకు అలసిన శరీరము రాత్రి చల్లదనమున తేరుకొనవలెను. ఆ విరామము దొరకనినాడు ముసలివారికి, రోగులకు, ఆరుబయట పనిచేయువారికి ప్రాణముల మీదికి వచ్చును. 2015 మే మాసపు వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోనే 2,000 మందికి పైగా మరణించిరి. కనుక గోడ ఎంతసేపు వెచ్చగ నుండునన్నది ఇంజనీర్ల వినోదము కొరకు పుట్టిన ప్రశ్న కాదు.

ఇక గోడ చేయు పని యేమో చూడవలెను. మే మాసపు మధ్యాహ్నమున చదునైన కప్పుపై చదరపు మీటరునకు సుమారు 900 వాట్ల ఎండ పడును. దానిలో కొంత వెనుకకు ప్రతిఫలించి పోవును. మిగిలినది పైపొరను కాచును. కాగిన పైపొరనుండి వేడికి మూడు దారులు గలవు. ఆనుకొనియున్న గాలికి కొంత పోవును. ఆకాశమునకును ఎదుటి గోడలకును కిరణరూపమున కొంత పోవును. శేషించినది గోడ లోనికి దిగును. సాధారణమైన ఇటుకగోడలో, కాంక్రీటు కప్పులో ఈ మూడవ దారి విశాలమైనది. ఇటుక వేడిని త్రాగును. కాని జీర్ణము చేసికొనదు. తొమ్మిదంగుళముల గోడ వెలుపలి ముఖమున సాయంకాలము అయిదుగంటలకు తాకిన వేడి లోపలి ముఖమునకు చేరుసరికి ఏడెనిమిది గంటలు పట్టును. పడమటి గదిలో అర్ధరాత్రి ఉక్క హెచ్చుటకు కారణమిదియే. అదే గోడ రెండవవైపున వీధిలోనికిని వేడిని విడుచుచు నుండును. ఒక ఘనమీటరు ఇటుకకట్టడము ఒక్క డిగ్రీ చల్లబడుచు విడుచు వేడి, వేయి ఘనమీటర్లకు పైగా గాలిని ఒక డిగ్రీ కాచుటకు చాలును. ఒక్కొక్క కాలనీలో ఎన్ని వేల ఘనమీటర్ల ఇటుక, సిమెంటు ఉన్నవో ఊహించుకొనినచో రాత్రి ఎందుకు చల్లబడదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అదే గోడకు వెలుపలివైపున రెండంగుళముల థర్మోకోల్ పలకలు అంటించి, పైన పలుచని గచ్చు పూసితిరనుకొనుడు. ఇటుకకంటె థర్మోకోల్ వేడిని ఇరువదింతలు తక్కువగ పోనిచ్చును. ఆ రెండంగుళముల పలక మూడడుగుల మందము గల ఇటుకగోడ చేయు అడ్డుపనిని చేయును. మూడవ దారి మూతపడినది. అప్పుడు ఎండ యంతయు ఆ పలుచని గచ్చుపైననే నిలుచును. గచ్చు మునుపటికంటె ఎక్కువ కాగును. గాలికి, ఎదుటి గోడకు, దారిని పోవువానికి ఎక్కువ వేడిని పంచును. పగటివేళ ఉష్ణనిరోధము వీధిని కొంత వెచ్చబరచుననుట సత్యమే. దీనిని కప్పిపుచ్చుట న్యాయము కాదు. అమ్మకమునకు వచ్చిన ప్రతినిధులు ఈ మాట చెప్పరు. వారు చెప్పవలెనని ఆశించుటయు అత్యాశ.

కాని సూర్యుడు పడమట వ్రాలినంతనే ఆ పలుచని గచ్చులో దాచుకొనిన వేడి యేమియు ఉండదు. దాని వెనుక ఇటుక చల్లగనే యున్నది. గచ్చు అరగంటలోననే గాలితో సమమగును. నిర్మలమైన ఆకాశమున్నచో గాలికంటెను చల్లబడును. రాత్రి పదిగంటలకు అట్టి గోడపై అరచేయి ఉంచినవారికి వెచ్చదనము తోచదు.

అయినచో లెక్క సరితూగినది గదా, పగలు ఎక్కువ, రాత్రి తక్కువ, లాభమేమి యని అడుగవచ్చును. లాభమున్నది. దానికి కారణము గోడలో లేదు, గాలిలో ఉన్నది. వేసవి మధ్యాహ్నమున నేలనుండి లేచిన వేడిగాలి ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తువరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, కలియతిరుగును. గోడలు విడిచిన వేడి ఆ పెద్ద గంగాళములో పోసిన చెంబెడు వేణ్ణీళ్లవంటిది. రాత్రి గాలి కదలిక తగ్గి, ఆ గంగాళము గిన్నెయగును; కొన్నివందల మీటర్ల ఎత్తులోపల, కొన్నిచోట్ల అంతకంటె తక్కువలోననే వేడి నిలిచిపోవును. అదే చెంబెడు నీళ్లు గిన్నెలో పోసినచో గిన్నె యంతయు కాగును. కావున వేడిని రాత్రికి దాచి విడుచు గోడకంటె పగలే వదలివేయు గోడ నగరమునకు మేలు. ల్యూక్ హోవర్డు లెక్కలో రాత్రికి పగటికి అంత భేదముండుటకు ఇదియు ఒక కారణము.

పొరను ఎక్కడ వేయవలెనన్నదియు ముఖ్యమే. చాలమంది గది లోపలివైపున పలకలు అంటించి, పైన జిప్సమ్ బోర్డులు బిగింతురు. అది చౌక, సులభము, పరంజా కట్టనక్కరలేదు. లోపలివారికి త్వరగ చల్లదనము దొరకును. కాని ఇటుక యంతయు పొరకు వెలుపల ఎండలోననే మిగిలిపోవును. అది పగలంతయు వేడిని త్రాగి, లోనికి పోవు దారి లేక, రాత్రి మొత్తమును వీధిలోనికే విడుచును. అనగా ఇంటివారు సుఖించిరి, కాపలావానికి మునుపటి బాధ తప్పలేదు. పొర వెలుపల వేసినచో ఇద్దరికిని మేలు.

పగటి దోషమునకు విరుగుడు మిక్కిలి పాతది, సున్నము. తెల్లని పైపూత ఎండలో ఎక్కువభాగమును కాగకమునుపే ఆకాశమునకు తిప్పివేయును. ఉష్ణనిరోధపు పొరమీద తెల్లని పెంకులో, వెల్లయో వేసినచో పగలు గచ్చు అంతగ కాగదు. కప్పు విషయమున ఈ ఉపాయమునకు సాటి లేదు, కప్పు చూచునది ఆకాశమునే గనుక. గోడల విషయమున కొంత జాగ్రత్త కావలెను. ఇరుకు వీధిలో తెల్లగోడ తిప్పిన ఎండ ఎదుటి గోడపైనను, నడచువాని కన్నులలోను పడును. అచ్చట చెట్టునీడయే శరణ్యము. దుమ్ము విషయమును మరువరాదు. ఢిల్లీ దుమ్ముకు తెల్లకప్పు ఒక్క వేసవిలో బూడిదరంగునకు తిరుగును. ఏటేట కడుగని పూత కాగితముపై మాత్రమే తెల్లన.

ఇంతవరకు చెప్పినది గోడ తానుగ చేయు పని. దీనికంటె ముఖ్యమైనది, గోడ యంత్రముచేత చేయించు పని. ఎయిర్ కండిషనర్ చల్లదనమును పుట్టించదు. అది లోపలి వేడిని ఎత్తి బయట పోయును, బావినుండి నీరు తోడి కాలువలో పోసినట్లు. తోడుటకు ఖర్చయిన విద్యుత్తును వేడియై అదే కాలువలో చేరును. మంచి యంత్రము లోపలినుండి మూడుపాళ్ల వేడిని తీయుటకు ఒకపాలు విద్యుత్తును వాడినచో, వీధిలో పడునది నాలుగుపాళ్లు. ఒకటిన్నర టన్నుల యంత్రము పూర్తిగ నడచునపుడు వెలుపలికి విడుచు వేడి ఏడు కిలోవాట్లకు దగ్గరగ నుండును. వీధిలో ఏడు ఎలక్ట్రిక్ హీటర్లు వెలిగించి ఉంచినట్లు! వీధి వేడెక్కినకొలది యంత్రము మరింత కష్టపడవలెను. కష్టపడినకొలది వీధి మరింత వేడెక్కును. ఒక ఇంటి చల్లదనము ప్రక్కయింటి కరెంటు బిల్లులో కనబడుట ఇట్లు జరుగును.

అమెరికాలో ఎడారినడుమ నున్న ఫీనిక్స్ నగరమును గూర్చి అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2014లో ప్రకటించిన గణనము ఈ సందర్భమున స్మరింపదగినది. ఎయిర్ కండిషనర్లు విడుచు వేడి వలన ఆ నగరమున కొన్ని ప్రదేశములలో రాత్రి గాలి ఒక సెంటిగ్రేడు డిగ్రీకి మించి వేడెక్కుచున్నట్లు వారు తేల్చిరి. పగటివేళ దాని ప్రభావము లెక్కకు రానంత స్వల్పము. గంగాళము, గిన్నె భేదమే ఇచ్చటను.

ఉష్ణనిరోధము నగరమునకు చేయు పెద్ద ఉపకారము ఈ దారినే కలదు. లోనికి వేడి రానినాడు తోడి పోయవలసిన వేడియు తక్కువ. గోడ పగలు వీధికి ఇచ్చు కొలదిపాటి అదనపు వేడిని, యంత్రము రాత్రి తగ్గించు వేడితో తూచినచో, యంత్రములు విరివిగ నడచు కాలనీలలో నిరోధము వైపే తక్కెడ మొగ్గును. యంత్రములే లేని బస్తీలలో లెక్క వేరు. అచ్చట రేకుల కప్పుక్రింద నివసించువారికి పైన తెలుపు, క్రింద పలుచని అడ్డుపొర చాలును. కావలసినది రాత్రి గాలి దూరు కిటికీ. నిరోధము ఉన్న ఇంటిలోను ఈ కిటికీయే ప్రాణము. వంట, దీపములు, మనుష్యులు పుట్టించిన వేడి లోపల చిక్కుకొనినచో ఆ ఇల్లు ఫ్లాస్కువలె వేడిని కాపాడును. ఫ్లాస్కునకు తాను చల్లనిదానిని కాచుచున్నదో, వేడిదానిని కాచుచున్నదో తెలియదు గదా.

చలిదేశములలో ఇదే పొర వేరొక పని చేయును. లండను, మాస్కో వంటి నగరములలో శీతకాలమున ఇండ్లను కాచు వేడి గోడలగుండ, కప్పులగుండ వెలుపలికి కారి నగరమును వెచ్చబరచును. మంచు పడిన ఉదయమున ఏ కప్పుపై మంచు ముందుగ కరగునో ఆ ఇంటివారి ధనము ఆకాశము పాలగుచున్నదని గ్రహింపవచ్చును. అచ్చట నిరోధము వలన చలికాలపు వీధి మరికొంత చల్లబడును. ఢిల్లీలో చలికాలమున ఇండ్లు కాచుకొనుట అంతగ లేదు గనుక ఇచ్చట ఈ విషయమును ఇంతటితో విడువవచ్చును.

పూర్వులు ఈ శాస్త్రము చదువలేదు. అయినను రాయలసీమ మట్టిమిద్దెలు ఎరిగినవారికి దీనిలో క్రొత్త తోచదు. దూలములపై బండలో కట్టెలో పరచి, పైన చవుడుమట్టి దట్టముగ వేసి తొక్కించిన ఆ మిద్దె, పగటి ఎండను పైనుండి క్రిందికి దిగనీయదు. కోస్తా పూరింటి తాటాకుకప్పు అంతకంటెను ఉత్తమమైన ఉష్ణనిరోధము. ఆకుల నడుమ చిక్కిన గాలియే అడ్డు. అది బరువులేనిది గనుక పొద్దుగ్రుంకగనే చల్లబడును. వీధికి వేడి అప్పు పెట్టదు. నిప్పు భయము లేకున్నచో దానిని మించిన కప్పు లేదు. ఉత్తరదేశమున సర్కారు ఇంజనీర్లును చాలకాలము కాంక్రీటు కప్పుపై మట్టిని పొరగ పరచి, మీద ఇటుకబిళ్లలు పరపించుచు వచ్చిరి. దానికి మడ్ ఫస్కా యని పేరు. పాత బంగళాల మందపు గోడలు, లోతైన వరండాలు, వేసవిలో వ్రేలగట్టి తడుపు వట్టివేళ్ల తడికలు దీనికి తోడైనవి. ఆ దినములలో కాలనీవాసులు సాయంకాలము ఆవరణలో నీళ్లు చల్లి, నవారు మంచములు వరుసగ వేసికొని ఆరుబయట పరుండెడివారు. వీధి చల్లగనుండుట అప్పుడు అందరికిని సొంత పని.

పిమ్మట అంతస్తులు పెరిగినవి, కప్పు అయిదారంగుళముల కాంక్రీటు పలకయైనది, గోడలు సన్నగిలినవి. కర్నూలునుండి కుమారుని చూడవచ్చిన పెద్దవారు నాలుగవ అంతస్తు గదిలో ఒక్క మే మాసపు రాత్రి గడపి, “నాయనా, ఇది ఇల్లా, ఇటుకబట్టీయా?” అని అడిగినచో తప్పు వారిది కాదు. మీది అంతస్తు క్వార్టరు కేటాయింపైనవాడు క్రింది అంతస్తునకు బదలాయింపు కోరుచు దరఖాస్తు పెట్టుటయు ఉష్ణశాస్త్రమే.

ప్రభుత్వము ఈ విషయమున ఊరకుండలేదు. 2007లో పెద్ద వాణిజ్యభవనముల కొరకు ఇంధనపొదుపు భవననియమావళి వెలువడినది. 2018లో నివాసభవనముల కొరకు ఎకో నివాస్ సంహిత వచ్చినది. దాని ప్రకారము కప్పు లోపలికిని వెలుపలికిని ఒక డిగ్రీ భేదమున్నపుడు చదరపు మీటరునకు 1.2 వాట్లకు మించి వేడిని పోనీయరాదు. దేశములోని చాలభాగమున గోడలు, కిటికీలు కలిసి లోనికి విడుచు వేడి సగటున 15 వాట్లకు మించరాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లనికప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు మొదలు ఆపై స్థలముగల ఇండ్లకును అట్టి కప్పును విధించినది. ఇవన్నియు మెచ్చదగినవే. కాని సంహితలోని కొలతలు గదిలోనికి వచ్చు వేడికి సంబంధించినవి. వీధిలోనికి పోవు వేడిని కొలుచు అంకె దానిలో లేదు. గోడకు రెండు ముఖములున్నవి. నియమము ఒక ముఖమునే చూచినది. చల్లనికప్పుల విధానము రెండవ ముఖమువైపు కొంత తిరిగినది.

ఉద్యోగుల చేతిలో ఏమున్నదని సందేహము కలుగవచ్చును. క్వార్టరు గోడ వారి సొత్తు కాదు. అయినను మిద్దెకు నీరు కారుచున్నదని కొన్నియేండ్లకొకసారి మరమ్మతు జరుగును. పాతగచ్చు పెరికి క్రొత్తది వేయుదురు. ఉష్ణనిరోధపు పొరయు, తెల్లపెంకులును వేయుటకు అదియే తరుణము, కూలియు పరంజాయు ఒక్కమారే గనుక. నివాసుల సంఘము ఆ అంచనాపత్రము తయారగుటకు ముందే వ్రాసికొనవలెను. తరువాత వ్రాసినచో వచ్చు జవాబు ఎట్లుండునో కార్యాలయములలో పనిచేయువారికి ఒకరు చెప్పనక్కరలేదు. పడమటి గోడ వెంబడి వేప, కానుగ మొక్కలు నాటుటకు అంచనాపత్రముతోను పనిలేదు.

కాపలావాని కుర్చీని రాత్రి పడమటి గోడనుండి తూర్పుగోడ ప్రక్కకు మార్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఎయిర్ కండిషనర్ వెలుపలి పెట్టెను నడవనుండి కప్పుమీదికి మార్చుటకు మాత్రము జూనియర్ ఇంజనీరు సంతకము కావలెను.